గాలివైపు దుంగ

"మా ఆయన దొంగతనం చేశాడా? పక్కింటి కోడి మా వాకిట్లోకొస్తే అదిలించడానిక్కూడా మొహమాటపడే మనిషమ్మా ఆయన," అంది తినాయ్.

రెండు రోజులుగా ముద్ద ముట్టని మనిషి మాట అది. ఇన్‌స్పెక్టర్ రెరెయితి ఆమె ఎదురుగా చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పొద్దున్న చిన్న విమానంలో రాజధాని నుంచి తబొనుయా దీవికి దిగి, దిగిన చెప్పులతోనే ఇక్కడికి వచ్చింది. తినాయ్ మొగుడు తెవేయా మొన్న తెల్లవారుతూనే తెరచాప పడవ మీద ఒంటరిగా ట్యూనా వేటకి వెళ్ళాడు, ఇంతవరకూ తిరిగి రాలేదు.

సంగతి అంతవరకే అయితే ఇన్‌స్పెక్టర్ రావక్కరలేదు. నిన్న ఒక ఆస్ట్రేలియా జంట తమ తెరచాప యాట్ వేసుకుని, దీవిని ఆనుకున్న పగడపు దిబ్బల మడుగులోకి వచ్చింది. దీవికి పడమటి సముద్రంలో ఎవడో పడవవాడు తమని గుద్ది, పైకెక్కి, మందుల పెట్టె, నీళ్ళ డబ్బా ఎత్తుకుని పడమరకి పారిపోయాడని ఫిర్యాదు ఇచ్చింది. ఆ తెల్లవాళ్ళే తెవేయాని తొక్కించి ముంచేశారని ఊరివాళ్ళ అనుమానం. గస్తీ బోటు అధికారి బురేతికి మాత్రం అనుమానమే లేదు. తెవేయా దొంగ, పారిపోయాడు, అంతే. ఈ సాయంత్రం దాకా వెతికి రేపు రాజధానికి వెళ్ళిపోతానని అప్పుడే చెప్పేశాడు కూడా. అంటే తెవేయా బతికి ఉంటే, వాడికి మిగిలింది ఈ పగలే.

రెరెయితి ఓదార్పు మాటల జోలికి పోకుండా పడవ గురించి అడిగింది. పడవ పొట్టకి పచ్చరంగు, చర్చి తలుపులకి వేయగా మిగిలింది. పడవ బోర్లా పడకుండా పక్కన బారెడు దూరంలో కట్టిన దుంగకి రంగు లేదు, రంగేస్తే దుంగకి బద్ధకం వస్తుందని తెవేయా వాదన. పలకలన్నీ కొబ్బరిపీచు తాడుతో కుట్టినవే. ఒక్క మేకు కూడా లేదు.

"మందులు కావాల్సొచ్చాయనుకో. ఏం చేస్తాడు?"

"మన ఆచారం ఉందిగా, బుబుతి అడుగుతాడు. నాకు ఫలానాది కావాలి, ఇవ్వు అంటాడు. అలా అడిగితే ఎవరు లేదంటారమ్మా? లేదన్నవాడు మళ్ళీ నలుగురిలో తలెత్తుకుంటాడా?"

"వాళ్ళు మనవాళ్ళు కాదుగా."

"ఆయనకి ఆ తేడా తోచదు," అంది తినాయ్. ఆ మాటంటున్నప్పుడే ఆమెకి మొదటిసారి ఏడుపొచ్చింది. రెరెయితి లేచి, వాకిట్లో బోర్లించి ఉన్న చిన్న పడవ తీసుకుని తనే తెడ్డు వేసుకుంటూ మడుగులోకి వెళ్ళింది.

యాట్ మడుగు మధ్యలో లంగరేసి ఉంది. బురేతి వచ్చిన రబ్బరు పడవ దానికి కుడి పక్కన కట్టేసి ఉంది. నిచ్చెన ఉన్నది అటే కాబట్టి వచ్చినవాళ్ళంతా అటునుంచే ఎక్కుతారు. రెరెయితి ఎక్కలేదు. ముందు చుట్టూ తిరిగి వచ్చింది.

ఎడమ పక్కన, ఆమె కూర్చున్న ఎత్తుకి భుజం దాకా, తెల్లటి పెయింటు మీద ఒక పొడుగాటి గీత ఉంది. ముందు నుంచి వెనక్కి సాగి, మధ్యలో ఒకచోట వెడల్పయింది. గోరుతో గీకితే గోట్లోకి పచ్చరంగు వచ్చింది. కాస్త వెనక ఒక ఇనప కొక్కేనికి కొబ్బరిపీచు పోగు వేలాడుతోంది. దాన్ని జేబురుమాలులో చుట్టింది. తర్వాత నీటి మట్టం దగ్గర చేత్తో తడిమి చూసింది. దుంగ తగిలితే అక్కడ తగలాలి. అక్కడ చిన్న గీర కూడా లేదు.

రెండోసారి కూడా తడిమింది. అప్పుడు పైకెక్కింది.

పైన బురేతి కాలు మీద కాలేసుకుని టీ తాగుతున్నాడు. పోలీసు శిక్షణలో ఇద్దరూ ఒకే బ్యాచి. పదేళ్ళుగా ఒకళ్ళనొకళ్ళు ఎరుగుదురు, పదేళ్ళుగా ఒకళ్ళంటే ఒకళ్ళకి పడదు.

"వచ్చావా? చొక్కా నలక్కుండా వచ్చినట్టున్నావే," అన్నాడు.

"నువ్వు నిన్నట్నుంచి వెతుకుతున్నావు, నీ చొక్కా కూడా నలగలేదుగా," అంది రెరెయితి. అని యాట్ యజమాని వైపు తిరిగింది.

అతని పేరు డెస్మండ్ ప్రయర్. ముక్కు మీద ఎండకి తోలు ఊడిపోతున్న పెద్దమనిషి, మాటకారి. భార్య లోర్నా మెట్ల దగ్గర నిలబడి తువాలు మడతపెడుతోంది, విప్పుతోంది, మళ్ళీ మడతపెడుతోంది.

"గుద్దుకున్నప్పుడు లంగరేసి ఉన్నారా, నడుస్తున్నారా?"

"నడుస్తున్నాం మేడమ్. తెరచాపలన్నీ ఎత్తి. మంచి వేగం మీద."

"ఏ దిక్కుకి?"

"ఉత్తరానికి. మీ రాజధాని నుంచి ఇక్కడికి వస్తున్నాం."

"గాలి?"

"తూర్పు గాలి. పది రోజులుగా అదేగా."

"పడవ ఎటునుంచి వచ్చింది?"

"ఎడమ పక్క నుంచి. గుద్దాడు, ఎక్కాడు, పెట్టె లాక్కున్నాడు, పోయాడు."

"నడుస్తున్న యాట్ మీదికి, తన పడవని ఒంటరిగా వదిలేసి?"

డెస్మండ్ ముక్కు గోక్కున్నాడు. మీ పడవలవాళ్ళు చాలా చురుకైనవాళ్ళు కదా మేడమ్ అన్నాడు. బురేతి కల్పించుకుని, ఇవన్నీ తను రాసుకున్నవే, కొత్తగా అడిగేదేముందని విసుక్కున్నాడు. రెరెయితి తమ భాషలోకి మారింది.

"గీత చూశావా?"

"ఏ గీత?"

"ఎడమ పక్కది. నువ్వు కుడి పక్క నుంచి ఎక్కి టీకి కూర్చున్నావు కాబట్టి చూసుండవు. పచ్చరంగు. భుజమంత ఎత్తున. అది పడవ పొట్ట రాసుకున్న గీత. దుంగది కాదు."

"అయితే?"

"ఈయన ఉత్తరానికి పోతున్నాడు, గాలి తూర్పు నుంచి. ఎడమ పక్కంటే పడమర. తెవేయా పడమర పక్కనుంచి ఆనుకున్నాడు. వాడి దుంగ ఎటుంటుంది?"

ఈ దీవుల్లో నడక రాని పిల్లలకి కూడా తెలుసు, పక్కదుంగ ఎప్పుడూ గాలి వచ్చే వైపే ఉండాలి. అది రెండో వైపు పడిందంటే గాలి తెరచాపని వెనక్కి కొట్టి పడవని బోర్లా వేస్తుంది.

"తూర్పున," అంది రెరెయితి తనే. "అంటే వాడి పడవకీ ఈ యాట్‌కీ మధ్య దుంగ అడ్డం. దుంగ తగలాలి. బారెడు అవతలున్న పొట్ట ఎలా తగిలింది?"

"పడవ తిప్పుకునుంటాడు."

"తిప్పితే ముందుది వెనకవుతుంది, వెనకది ముందవుతుంది. దుంగ మాత్రం గాలివైపే. మీ నాన్న నీకు నేర్పలేదా?"

బురేతి మొహం ఎర్రబడింది. టీ కప్పు కింద పెట్టాడు.

"ఈ యాట్ ఎడమ పక్కకి పొట్ట తగలాలంటే ఒక్కటే దారి," అంది ఆమె. "ఎడమ పక్క గాలివైపు ఉండాలి. అంటే యాట్ దక్షిణానికి వస్తోంది. ఉత్తరం నుంచి. ఉత్తరాన ఏముంది బురేతీ?"

ఉత్తరాన బికెనుకా తప్ప ఏమీ లేదు. మనుషులుండని ఇసుక దిబ్బ, పక్షులు గుడ్లు పెట్టే చోటు. దీవి సభ దాన్ని మూసేసి ఏళ్ళయింది. బయటివాళ్ళు కాలు పెడితే పడవ జప్తు.

బురేతి లేచి నిలబడ్డాడు. ఒక గీత పట్టుకుని సముద్రమంతా చదివేయడం రాజధాని తెలివని, గాలికి కొట్టుకుపోయినవాడు ఎక్కణ్ణుంచి బయల్దేరినా పడమరకే పోతాడని, ఈ దీవుల్లో తప్పిపోయిన ప్రతివాణ్ణీ పడమరే మింగిందని అన్నాడు. అందులో కొంత నిజం ఉంది. అతని తండ్రి కూడా పడమరకే పోయాడు. అందుకే రెరెయితి మొదట అనబోయిన మాట మింగేసింది.

"సాయంత్రం దాకానే డీజిలుంది. నేను పడమరకే వెళ్తున్నా. నువ్వు గీత చూసుకో," అని నిచ్చెన దిగి వెళ్ళిపోయాడు.

రబ్బరు పడవ మోటారు చప్పుడు దూరమైంది. రెరెయితి డెస్మండ్‌ని వదిలేసి లోర్నా పక్కకి వెళ్ళి మెట్టు మీద కూర్చుంది.

"మీరు చాలా దీవులు తిరిగుంటారు. మా పడవలవాళ్ళు మీ దగ్గరికి చేపలు తెచ్చుంటారు, పొగాకు అడిగుంటారు. ఎటునుంచి వచ్చేవాళ్ళు?"

లోర్నా మొగుడి వైపు చూసింది. "ఆ దుంగ వైపు నుంచే. దాని మీద నడుచుకుంటూ వచ్చి చెయ్యి చాపుతారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది."

"అవును. చెయ్యి చాపడానికి అది చాలు. పొట్ట వైపు తెచ్చి ఆనించడం కష్టం, పడవకి దెబ్బ, ప్రమాదం కూడా. ఆ పని ఎందుకు చేస్తారో తెలుసా? దుంగ మీద మోసుకురాలేని బరువేదో ఎక్కించాల్సినప్పుడు." కాస్త ఆగింది. "తెవేయా మీ దగ్గర ఏదో తీసుకుపోవడానికి రాలేదు. మీకు ఎవరినో అప్పగించడానికి వచ్చాడు. ఎవరిని?"

లోర్నా చేతిలోని తువాలు జారిపోయింది.

"లోర్నా, వద్దు," అన్నాడు డెస్మండ్.

"రెండు రాత్రుల్నుంచి నిద్రపోయావా నువ్వు?" అంది ఆమె. అని రెరెయితి వైపు తిరిగి అంతా చెప్పేసింది.

పక్షుల్ని ఫోటోలు తీసుకోవడానికి బికెనుకా దగ్గర ఆగారు. అనుమతి లేదని తెలుసు. మొన్న సాయంత్రం అక్కణ్ణుంచి దక్షిణానికి బయల్దేరారో లేదో, ఒక పడవ వచ్చి పక్కకి ఆనుకుంది. అడుగున చాప కప్పుకుని ఎవరో పడుకుని ఉన్నారు. పాదాలు, ఒక చెయ్యి కనిపించాయి. ఆ చెయ్యి కదిలింది. పడవాయన తన గుండె మీద చెయ్యి వేసుకుని, తర్వాత ఆ మనిషిని చూపించి, వచ్చీరాని ఇంగ్లీషులో తీసుకోండి, తీసుకోండి అన్నాడు. డెస్మండ్ భయపడ్డాడు. దొంగల ఎత్తేమో అనుకున్నాడు. రోగిని ఎక్కించుకుంటే ఎక్కడ దొరికాడని అడుగుతారు, బికెనుకా సంగతి బయటపడుతుంది, ఇల్లు అమ్మి కొన్న యాట్ పోతుంది. పొడుగాటి కర్ర తీసుకుని పడవని నెట్టేశాడు. ఆ నెట్టుడుకి పడవ తెరచాప వాసం యాట్‌కి తగిలి విరిగింది, తెరచాప చిరిగింది. మందుల పెట్టె, నీళ్ళ డబ్బా లోర్నా చేతులారా విసిరింది. ఆ పడవాయన ఊరు చేరి బికెనుకా సంగతి చెప్పేలోగా డెస్మండే ముందు దొంగతనం ఫిర్యాదు ఇచ్చాడు.

"మళ్ళీ ఏమీ అడగలేదాయన. పెట్టె అందుకుని తల వంచాడు. నెట్టేసినవాళ్ళకి తల వంచాడు," అంది లోర్నా. "చిరిగిన తెరచాపతో ఆ దిబ్బ వైపే తిరిగిపోయాడు."

రెరెయితికి కోపం నెత్తికెక్కింది. కానీ దాన్ని వెళ్ళగక్కడానికి ఇది సమయం కాదు. విరిగిన వాసం, పక్కన రోగి, దగ్గర్లో నేల. తెవేయా ఇంటికి రాకపోవడానికి ఇంతకన్నా మంచి కారణం ఇంకేం కావాలి? వాడు బతికే ఉన్నాడు. ఆ నమ్మకం కాళ్ళలోకి శక్తిలా దిగింది.

"లంగరు ఎత్తండి. యాట్ సంగతి తర్వాత తేలుద్దాం. మీరు నిజంగా మంచివాళ్ళని సభకి చెప్పడానికి నాకొక కారణం ఇవ్వండి," అంది.

డెస్మండ్ మారుమాట లేకుండా లంగరు లాగాడు. ఒడ్డున నిలబడ్డ తినాయ్‌కి వినపడేలా రెరెయితి బికెనుకా అని కేకేసింది. ఆ ఒక్క మాట చాలింది. యాట్ మడుగు దాటి బయట సముద్రంలో పడేసరికి వెనక ఊరి పడవలన్నీ తెరచాపలు ఎత్తుకుని వచ్చేస్తున్నాయి. గాలి గట్టిగా కొట్టినప్పుడల్లా వాటి దుంగలు నీళ్ళు వదిలి గాల్లోకి లేస్తున్నాయి. బరువు కోసం మనుషులు వాటి మీదికి పాకుతున్నారు, దిగుతున్నారు. చూస్తుండగానే యాట్‌ని రెండు పక్కలా దాటుకుని ముందుకు పోయాయి. ఒక పడవలోంచి ఓ ముసలాయన డెస్మండ్‌ని చూసి, తాడు కట్టి లాక్కెళ్ళమంటారా అని అరిచాడు.

"ఏమంటున్నాడు?" అన్నాడు డెస్మండ్.

"మీ యాట్ బాగుందంటున్నాడు," అంది రెరెయితి.

అప్పుడు రేడియో తీసుకుని, ఓడలన్నిటికీ వినపడే ఛానెల్ మీద ఇంగ్లీషులో బురేతిని పిలిచింది. జంట ఒప్పుకుందని, తెవేయా బికెనుకాలో ఉండొచ్చని, వెంట ఇంకో మనిషి ఉన్నాడని, అతనికి ఒంట్లో బాలేదని చెప్పింది.

"వెనక్కి తిరుగుతున్నా," అన్నాడు బురేతి. "చాలా దూరం వచ్చేశాను. సమయం పడుతుంది."

వెంటనే ఇంకో గొంతు దూరింది. ఎవరో విదేశీ ట్యూనా ఓడ కెప్టెన్, మర్యాదగా, ఇంగ్లీషులో. తాము బికెనుకాకి ఉత్తరాన దగ్గర్లోనే ఉన్నామని, ఆ రోగిని తమ ఓడలో డాక్టరుకి చూపిస్తామని, సంతోషంగా సాయం చేస్తామని అన్నాడు. రెరెయితి కృతజ్ఞతలు చెప్పింది. ఆ దిబ్బ చుట్టూ నీళ్ళు లోతు లేవు, అవసరమైతే పిలుస్తానంది. లోకంలో మంచివాళ్ళున్నారని కూడా అనుకుంది.

ముందు వెళ్ళిన పడవల్లోంచి కేకలు వినిపించాయి. ఏడుపులు కావు. పాట లాంటి కేకలు. రెరెయితి కళ్ళు మూసుకుని ఒక్క క్షణం అలాగే నిలబడిపోయింది.

తెవేయా ఒడ్డున నిలబడి ఉన్నాడు. పక్కన పచ్చ పడవ. విరిగిన వాసానికి కర్రముక్క ఆనించి తాడు చుడుతున్నవాడల్లా చుట్టడం ఆపి, పోలీసు చొక్కాని చూసి నొచ్చుకున్నట్టు మొహం పెట్టాడు.

"తినాయ్ కోపంగా ఉందా?" అన్నాడు.

"అన్నం తినట్లేదు."

"అయ్యో." తాడు వదిలేసి చేతులు తుడుచుకున్నాడు. "ఆయన్ని కదపడానికి భయమేసిందండీ. మందులు పనిచేశాయి, పొద్దున్నుంచి జ్వరం దిగింది. ఆ తెల్లావిడ మంచిది."

చెట్టు నీడన, చాప మీద ఉన్నది తమ మనిషే. పేరు తవీత. విదేశీ ఓడల మీద కూర్చుని ఎంత చేప పట్టారో లెక్క చూసి చేపల శాఖకి చెప్పే ఉద్యోగం. అతను వేసుకునే నారింజరంగు కోటు తలకింద మడతపెట్టి ఉంది. నీళ్ళలో తేలుతున్న ఒక చెక్కని పట్టుకుని ఉండగా తెవేయా కంటపడ్డాడు. ఎండకి పెదాలు పగిలి మాట సరిగ్గా రావట్లేదు. రెరెయితి వంగి అతని నోటి దగ్గర చెవి పెట్టింది.

"ఓడ మీంచి పడ్డావా?"

"పడలేదమ్మా," అన్నాడు తవీత. "తోశారు. రాయొద్దన్నది రాశానని."

"ఏ ఓడ?"

అతని కళ్ళు ఆమె భుజం మీదుగా సముద్రం వైపు చూస్తున్నాయి. ఉత్తరాన, కెరటాలు విరిగే గీతకి అవతల, పెద్ద తెల్లటి ఓడ ఒకటి నిలబడి ఉంది. రోగి ఉన్నాడని, ఎక్కడున్నాడో కూడా రేడియోలో చెప్పింది తనే.

చేతి రేడియో గరగరలాడింది. బురేతి. "దొరికారా?"

ఆ ఓడవాళ్ళూ వింటున్నారు. రెరెయితి ఊపిరి తీసుకుని, అందరికీ అర్థమయ్యేలా ఇంగ్లీషులో మాట్లాడింది.

"తెవేయా క్షేమం. రెండో అతను చనిపోయాడు. మొహం గుర్తు పట్టేలా లేదు. ఎవరో తెలియదు."

మళ్ళీ ఆ మర్యాదస్తుడైన కెప్టెన్ గొంతు. "చాలా విచారం. నారింజరంగు కోటు వేసుకున్న మనిషేనా? అయితే మావాడే. పాపం, జారిపడ్డాడు. మీరు శ్రమపడకండి, మేం పడవ పంపి తీసుకెళ్తాం."

కోటు సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. రెరెయితి రేడియో బొత్తాం మీంచి వేలు తీసేసి ఎదురుచూసింది. బురేతి విన్నాడా? విన్నా, పట్టుకున్నాడా?

"కెప్టెన్ గారూ," అన్నాడు బురేతి, తీరిగ్గా. "మీ మనిషి పోయాడని మాకు ఎప్పుడు చెప్పారు?"

జవాబుకి బదులు ఓడ పక్కనుంచి ఒక మోటారు పడవ కిందికి దిగుతోంది. చాప మీద తవీత లేవబోయాడు. తెవేయా అతన్ని పసిపిల్లాడిలా చేతుల మీదికి ఎత్తుకున్నాడు. ఎవరూ చెప్పకుండానే ఊరి పడవలు ఒక్కొక్కటే దిబ్బ ముందు నీళ్ళలో అడ్డంగా బారులు తీరాయి. వాటి పక్కకి డెస్మండ్ తన యాట్‌ని కూడా తెచ్చి నిలబెట్టాడు, పక్కన లోర్నా చేతిలో ఆ పొడుగాటి కర్ర ఉంది.

దూరంగా పడమట గస్తీ బోటు పొగ కనిపించింది, తిన్నగా ఇటే వస్తోంది. రేడియోలో మళ్ళీ బురేతి గొంతు. ఈసారి తమ భాషలో.

"రెరెయితీ, ఆ శవానికి కాస్త కొబ్బరినీళ్ళు పట్టించు. వస్తున్నా."